అడగనిదే ముట్టుకోదు

తూలిక్కి హార్తికైనెన్‌కు కోపం వస్తే గొంతు పెరగదు, కిందికి దిగుతుంది. పదకొండేళ్ల పాటు ఆమె గదికీ నా కుర్చీకీ మధ్య ఒక పల్చటి చెక్క గోడే అడ్డు. ఇటు నేను జుట్టు కత్తిరించేదాన్ని, రంగులు వేసేదాన్ని. అటు ఆమె వ్యాక్సింగ్ చేసేది. చేతులకూ కాళ్లకూ చేసేవాళ్లు మా ఈసల్మి ఊళ్లో చాలామందే ఉన్నారు. తూలిక్కి దగ్గరికి ఆడవాళ్లు వచ్చేది నడుము కింద, బట్టల లోపలి చోటు కోసం. గోడ అవతల ఆమె గొంతు తగ్గిందంటే లోపల ఎవరో చీవాట్లు తింటున్నారని నాకు తెలిసిపోయేది. కత్తెర ఆపి చెవి పెట్టేదాన్ని.

"క్రీము రాసుకోవద్దని చెప్పానా లేదా?"

"కొంచెమే రాశాను తూలిక్కీ."

"కొంచెం రాసినా మైనం జారుతుంది. జారితే అదే చోట రెండోసారి లాగాలి. రెండోసారి లాగితే ఊడొచ్చేది వెంట్రుక కాదు, తోలు. లే. సబ్బు పెట్టి కడుక్కుని, తుడుచుకుని రా. ఈలోగా నేను కాఫీ తాగుతా."

వాళ్లు లేచి వెళ్లి కడుక్కుని వచ్చేవాళ్లు. బ్యాంకు మేనేజరైనా, చర్చిలో పాటలు నేర్పే ఆవిడైనా అంతే.

ఈ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. పాల ఫ్యాక్టరీలో పెరుగు డబ్బాలకు మూతలు బిగించే యంత్రం దగ్గర ఇరవై రెండేళ్లు నిలబడింది. ఫ్యాక్టరీ మూతపడేనాటికి ఆమెకు నలభై మూడు. ఉద్యోగాల ఆఫీసు వాళ్లు కంప్యూటర్ క్లాసులకు వెళ్లమన్నారు. ఆమె ఇంటికి వెళ్లి, వెంట్రుకలు పీకే పాకం కోసం పొయ్యి మీద చక్కెర, నిమ్మరసం కాచింది. పాకం వేడి చూసుకోకుండా తన మోకాలి పైన రాసుకుని కాల్చుకుంది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. రెండో ప్రయోగం అక్క ఐలా మీద. పాకం మధ్యలో గడ్డకట్టి, లాగితే రాక, ఐలా సగం కాలికి అంటుకున్న దానితోనే బస్సెక్కి ఇంటికి పోయింది. మూడు నెలలు మాట్లాడలేదు. ఆరేళ్ల తర్వాత తూలిక్కి కువోపియో వెళ్లి పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకుంది. అప్పటికి ఆమెకు తెలిసినదానిలో పదో వంతు కూడా ఆ పరీక్షలో అడగలేదని చెప్పేది.

పోయిన చలికాలంలో పీయా అనే ఇరవై మూడేళ్ల పిల్ల పని నేర్చుకోవడానికి చేరింది. మొదటి రోజు పీయా మైనం పుల్ల చేతిలోకి తీసుకోగానే తూలిక్కి దాన్ని లాక్కుంది.

"లాగడం ఒక పూటలో వస్తుంది. ఎవరికి ఎప్పుడు లాగకూడదో తెలియడానికి నాకు ఆరేళ్లు పట్టింది. ముందు ఫోన్ పట్టుకో."

ఆమె పని ఫోన్‌తో మొదలయ్యేది. వచ్చే మనిషికి రెండు మూడు రోజుల ముందు ఫోన్ చేసేది. వెంట్రుక బార్లీ గింజంత ఉందా? అంతకంటే పొట్టిగా ఉంటే ఇంకో వారం ఆగు. మొటిమలకు మాత్రలు మింగుతున్నావా? ముఖానికి కదా, దానికీ దీనికీ ఏం సంబంధం అనుకోకు, మింగింది ఒళ్లంతా పోతుంది, చర్మం పల్చబడుతుంది. రెండు రోజుల ముందు ముతక గుడ్డతో రుద్దుకో, వచ్చే రోజు మాత్రం రుద్దుకోకు. వదులుగా ఉండే నూలు బట్టలు కట్టుకుని రా, బిగుతు జీన్సు వేసుకొస్తే గుమ్మంలోంచే పంపేస్తా. అన్నీ అయ్యాక, చివర్న, "సౌనా ఎప్పుడు?"

ఈ ప్రశ్న ఆమె ఎవర్నీ వదలకుండా అడిగేది. వెంట్రుక పీకిన చోట రంధ్రాలు తెరుచుకుని ఉంటాయి. రెండు రోజులు దానికి వేడి తగలకూడదు, చెమట తగలకూడదు. వేడి రాళ్ల మీద నీళ్లు చల్లుకుని, ఆ ఆవిరిలో చెమటలు కారేలా కూర్చుని, ఆ చెమటతోనే సరస్సులో దూకితే మూడో రోజుకు ఎర్రటి పొక్కులు లేస్తాయి, చీము పడుతుంది. కానీ ఫిన్లాండ్‌లో మనిషికి సౌనా అనే ఈ ఆవిరి స్నానం మానుకోమని చెప్పడం తిండి మానుకోమన్నట్టే. మానుకుంటామని తల ఊపి, శనివారం సాయంత్రం నేరుగా వెళ్లి కూర్చుంటారు. ఇది తెలుసు కాబట్టి తూలిక్కి ఎవర్నీ మానుకోమనలేదు. వాళ్ల సౌనా రోజు కనుక్కుని, దానికి మూడు రోజుల ముందుకు తన పని జరిపేది. ఏ అపార్టుమెంట్ ఉమ్మడి సౌనాలో ఎవరి వంతు ఏ వారం, ఎన్ని గంటలకు, ఎవరి కాటేజీలో ఎవరు కట్టెలు వేస్తారు, అంతా ఆమె డైరీలో ఉండేది. నడివేసవి పండుగ వారంలో ఇంకా గట్టిగా ఉండేది. పండుగ ముందు రోజు శుక్రవారం ఊరు ఊరంతా సౌనాలోనే ఉంటుంది కాబట్టి, బుధవారం మధ్యాహ్నం తర్వాత ఎంత బతిమాలినా ఎవర్నీ బల్ల ఎక్కనిచ్చేది కాదు.

పాత యజమాని హిల్కా మోకాళ్లు అరిగిపోయి పార్లర్ అమ్మేసింది. కొన్నది తంపెరె నుంచి వచ్చిన మిర్కా తొలోనెన్. ఆమెకు అప్పటికే వేరే ఊళ్లలో మూడు పార్లర్లు ఉన్నాయి. జీవితంలో ఒక్కసారి కూడా మైనం పుల్ల పట్టుకోలేదు. అందులో తప్పేం లేదు, హిల్కా కూడా పట్టుకోలేదు. కానీ హిల్కాకు తనకు తెలియదని తెలుసు.

మిర్కా రాగానే బుకింగులన్నీ ఇంటర్నెట్‌లోకి వెళ్లాయి. తూలిక్కి నలభై నిమిషాల పని ఇరవై నిమిషాలైంది. ఫోన్లు బంద్. వచ్చే ముందు ఏం చేయాలో, వెళ్లాక ఏం చేయకూడదో ఒక పేజీ రాయించి పెట్టింది. దాని కింద చిన్న గడి. "చదివాను, అర్థమైంది" అని టిక్కు పెడితేనే బుకింగ్ అవుతుంది.

"ఒక ఆడమనిషికి ఫోన్ చేసి నీ సౌనా ఎప్పుడని అడుగుతావా? మనం పార్లరా, పోలీసులమా?" అంది మిర్కా, మేమందరం కాఫీ గదిలో ఉన్నప్పుడు.

"నువ్వు ఎప్పుడైనా అలాంటి పేజీ చదివి టిక్కు పెట్టావా?" అంది తూలిక్కి.

"అది వేరే సంగతి."

"చదివావా?"

"ఎవరూ చదవరు తూలిక్కీ. నాకూ తెలుసు. కానీ టిక్కు పెట్టాక బాధ్యత వాళ్లది. మనది కాదు."

తూలిక్కి గొంతు దిగింది. "చర్మం వాళ్లదే, బాధ్యతా వాళ్లదే. మరి మన దగ్గరేం ఉంది? మైనమా?"

జూన్ మొదటి వారంలో మిర్కా కాఫీ గది గోడ మీద ఒక కాగితం అంటించింది. పండుగ తర్వాత నుంచి ఇరవై నిమిషాల్లో పని ముగించలేనివాళ్లు గది ఖాళీ చేయాలి. పేరు రాయలేదు. రాయనక్కర్లేదు, ఆ పార్లర్‌లో గదిలో పని చేసేది ఇద్దరే. పీయా ఇరవై నిమిషాల్లో ముగించేది, ఎందుకంటే ఆమె ఏమీ అడగకూడదని మిర్కా ఆజ్ఞ. పీయాకు ఆరు నెలల పరీక్షా కాలం ఆ నెలాఖరుకు ముగుస్తుంది. అందరికీ అర్థమైంది. తూలిక్కి నోరు మూసుకుంటే గది ఆమెకు ఉంటుంది, లేకపోతే ఆమె చేతే పని నేర్పించుకున్న పిల్లకు పోతుంది.

బుక్ చేసుకున్నవాళ్ల ఫోన్ నంబర్లు ఇప్పుడు మిర్కా కంప్యూటర్లో ఉంటాయి. తూలిక్కికి ఇక మిగిలింది మనిషి బల్ల మీద పడుకున్నాక అడగడమే. అప్పటికి ఆ మనిషి ఆఫీసులో సెలవు పెట్టి, బస్సెక్కి, సిగ్గు చంపుకుని వచ్చి ఉంటుంది. ఒక అమ్మాయి మొటిమల మాత్రలు వేసుకుంటోంది. ఇంకొకావిడకు సాయంత్రం ఆరింటికే అపార్టుమెంట్ సౌనా వంతు. రెండు వారాల్లో ముగ్గుర్ని వెనక్కి పంపింది. పంపిన ప్రతిసారీ మిర్కా గడియారం చూసేది.

పండుగ వారం గురువారం మిర్కా పార్లర్ పూర్తిగా తెరిచి ఉంచింది. "పండుగ ప్రత్యేకం" అని ఇంటర్నెట్‌లో పెట్టింది.

"గురువారం ఎవరికీ చేయకూడదు," అంది తూలిక్కి. "రేపు వీళ్లంతా సౌనాల్లో ఉంటారు."

"పన్నెండు మంది బుక్ చేసుకున్నారు."

"పన్నెండు మందికీ తెలియదు, అంతే."

"తెలుసు. టిక్కు పెట్టారు."

పొద్దున్నుంచి తూలిక్కి ఒక్కొక్కర్నీ అడుగుతూనే చేసింది. ఇద్దరు లేచి వెళ్లిపోయారు. మిగతావాళ్లు శనివారం దాకా చల్లనీళ్ల స్నానమే అని మాటిచ్చారు. మాట నిలబెట్టుకున్నారో లేదో దేవుడికి తెలియాలి.

మూడు గంటలకు ఊనా కర్నా వచ్చింది. పళ్ల డాక్టర్ దగ్గర నర్సు. శనివారం, పండుగ రోజునే, ఆమె పెళ్లి. ఆమె జుట్టుకు మంగళవారం నేనే రంగు వేశాను. నన్ను చూసి "కైసా!" అని నవ్వి, చెయ్యి ఊపి తూలిక్కి గదిలోకి వెళ్లింది. ఆ సమయంలో నా కుర్చీలో పోస్టాఫీసు ఆవిడ ఉంది. ఆమె తల నిండా రంగు, రేకు కాగితాలు. గోడ అవతల మాటలు ఇద్దరికీ వినిపిస్తున్నాయి.

"సౌనా ఎప్పుడు?"

"రేపు సాయంత్రం. నాన్న కాటేజీలో. రెండు రోజులు ఆగాలని పేజీలో ఉందిలే, కానీ ఒక్క రోజుకు ఏమవుతుందని..."

"ఏమవుతుందో తర్వాత చెప్తా. ఈ సాయంత్రం ఏం చేస్తున్నావు?"

"ఏం లేదు. రీత్తా వాళ్లు పిజ్జాకు తీసుకెళ్తామన్నారు. ఆరింటికి."

"రీత్తా ఎవరు, నీ తోటి పెళ్లికూతురా?"

"అవును."

"ఏమైనా తెచ్చుకోమందా?"

"తువ్వాలు తెచ్చుకోమంది. పాత బట్టలు వేసుకోమంది. మేకప్ వద్దంది."

"పిజ్జాకు తువ్వాలెందుకే పిల్లా?"

ఊనా కిసుక్కున నవ్వింది. "ఆ హోటల్లో చీజు బాగా కారుతుందేమో. రీత్తా ఎప్పుడూ అంతే, ఏదో వింతగా చెప్తుంది."

పోస్టాఫీసు ఆవిడ అద్దంలో నా వంక చూసి కనుబొమ్మలెత్తింది. మా ఊళ్లో పెళ్లయిన ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది, ఆ తువ్వాలు ఎందుకో. పెళ్లికూతురికి చెప్పకుండా స్నేహితురాళ్లు కళ్లకు గంతలు కట్టి ఎత్తుకెళ్లి సౌనాలో కూర్చోబెడతారు. బిర్చ్ చెట్టు రెమ్మల కట్టలతో ఒళ్లంతా కొడతారు. తల మీద కోడిగుడ్డు పగలగొడతారు. తేనె పూస్తారు, రై గింజల పిండి చల్లుతారు, ఇంకా ఒక్క చోటు కూడా వదలకుండా ఉప్పు పెట్టి రుద్దుతారు. పాటలు పాడుతూ సరస్సులో తోస్తారు. నా పెళ్లికి రుద్దిన ఉప్పుకు మోచేతులు రెండు రోజులు చురుక్కుమన్నాయి. పెళ్లికూతురికి ముందు తెలియకపోవడమే దాని అందం. అందుకే టిక్కు పెట్టే గడి ముందు ఊనా అబద్ధం ఆడలేదు. తెలిస్తే కదా ఆడటానికి.

"బట్టలు విప్పకు. కూర్చో," అని తూలిక్కి బయటికి వచ్చింది. కాఫీ గదిలోకి వెళ్లి తన డైరీ తీసింది. రీత్తా ఆమె దగ్గరికి ఎప్పటి నుంచో వచ్చే మనిషే, నంబరు ఉంది. నేను అక్కడే గిన్నెలో రంగు కలుపుతున్నాను. ఫోన్‌లోంచి రీత్తా గొంతు నాకూ వినబడింది.

"రీత్తా, నేను తూలిక్కిని. ఊనా నా దగ్గరుంది. సాయంత్రం సౌనానా?"

"ఏం సౌనా? పిజ్జా."

"ఉప్పు ఎంత కొన్నావు?"

అటు తలుపు వేసుకున్న చప్పుడు వినబడింది.

"రెండు కిలోలు," అంది రీత్తా. "కల్లుప్పు. తూలిక్కీ, నీకు పుణ్యముంటుంది, దానికి మాత్రం చెప్పకు. ఎనిమిది మందిమి ఫిబ్రవరి నుంచి ఏర్పాట్లు చేస్తున్నాం. పాతకాలం పొగ సౌనా దొరికింది, సరస్సు అవతలి ఒడ్డున. దాని యజమాని ముసలాయన పొద్దున ఆరింటి నుంచి కట్టెలు వేస్తూ కూర్చున్నాడు."

"ఇక్కడ నేను మైనం లాగితే, మూడు గంటల్లో మీరు దాని మీద ఉప్పు రుద్దుతారు. అర్థమవుతోందా?"

"అయ్యో."

"సౌనా ఇంకో రోజు పెట్టుకోండి."

"ఇంకో రోజెక్కడిది? ఎల్లుండి పెళ్లి! నువ్వే ఆపెయ్. మైనం అయిపోయిందని చెప్పు, కరెంటు పోయిందని చెప్పు, నీ ఇష్టం. సౌనా సంగతి మాత్రం చెప్పావంటే ఈ జన్మలో నీ మొహం చూడను."

తూలిక్కి గదిలోకి వెళ్లింది. నాకు తెలిసి ఆమెకు అబద్ధమాడటం రాదు. ఆ రోజు కూడా రాలేదు.

"ఈ రోజు నీకు చేయను," అంది.

"ఎందుకు? ఏమైంది?"

"ఏం కాలేదు."

"నాకేమైనా జబ్బా?"

"కాదు. నీ చర్మం పసిపిల్ల చర్మంలా ఉంది. చేయను, అంతే. ఇంటికి పో."

"ఎల్లుండి నా పెళ్లి!" ఊనా ఏడుపు అందుకుంది. "నెల రోజుల ముందు బుక్ చేశాను. ఊరికే పొమ్మంటే ఎట్లా పోతాను? నీకు నేనేం చేశాను?"

ఆ ఏడుపుకు మిర్కా వచ్చింది. తూలిక్కిని నడవాలోకి పిలిచి తలుపు వేసింది. నేను కాఫీ గది గుమ్మంలో ఉన్నాను, చేతిలో రంగు బ్రష్షు. తూలిక్కి గుసగుసగా ఉన్నదంతా చెప్పింది. సౌనా, ఉప్పు, పొగ, సరస్సు నీళ్లు. మిర్కా అంతా విన్నది. వినలేదని అనను. విని, అర్థం చేసుకుని, అప్పుడు అంది:

"ఆ పిల్ల ఈ తలుపు దాటాక ఏం చేస్తుందో మనకు అనవసరం. టిక్కు పెట్టింది."

"తనకే తెలియనిదానికి టిక్కు ఎట్లా పెడుతుంది?"

"పెట్టింది కదా. నాకు అది చాలు."

ఇన్ని నెలల తర్వాత కూడా ఏ మాట గుర్తొస్తే ఒళ్లు మండుతుందని ఎవరైనా అడిగితే నేను ఈ మాటే చెబుతాను. నాకు అది చాలు. ఎదుటి మనిషి చర్మం గురించి, గదిలో కూర్చుని ఏడుస్తున్న పిల్ల గురించి.

మిర్కా, పీయా పని చేసే చిన్న రెండో గది వైపు తిరిగి పిలిచింది. "పీయా, ఊనాను నీ గదిలోకి తీసుకో. ఇరవై నిమిషాలు."

పీయా వచ్చింది. ఊనా భుజం మీద చెయ్యి వేసి తీసుకెళ్లింది. వెళ్తూ తూలిక్కి మొహంలోకి ఒకసారి చూసింది. ఆ పిల్లకు అంతా తెలుసు, ఆమెకు నేర్పింది తూలిక్కే. కానీ నెలాఖరు పది రోజుల్లో ఉంది. తలుపు పూర్తిగా మూయలేదు. లోపల మైనం కాచే గిన్నె మీద ఎర్ర దీపం వెలుగుతోంది. పీయా చేతి తొడుగులు వేసుకుంటోంది.

"నువ్వు ఆ గదిలోకి వెళ్తే," అంది మిర్కా మెల్లగా, "ఇక్కడ ఇదే నీ ఆఖరు రోజు. తూలిక్కీ, నేను ఊరికే అనడం లేదు."

తూలిక్కి నడవా మధ్యలో నిలబడింది. పదమూడేళ్ల కింద తన గదిలో బల్ల తనే బిగించుకుంది. గోడలకు తనే రంగు వేసుకుంది. యాభై ఎనిమిదేళ్ల మనిషికి ఆ ఊళ్లో ఇంకో గది ఎవరిస్తారు? నేను ఏదో ఒకటి అనాల్సింది. మిర్కాతో కాకపోయినా, పీయాతోనైనా. బ్రష్షు కొస నుంచి రంగు నా చెప్పుల మీద కారుతున్నా అలాగే నిలబడ్డాను.

తూలిక్కి తలుపు తోసి లోపలికి వెళ్లింది. గొంతు ఎంత దిగిందంటే, నేను రెండు అడుగులు ముందుకు వేస్తే కానీ వినబడలేదు.

"ఊనా, సాయంత్రం పిజ్జా లేదు. నిన్ను అవతలి ఒడ్డుకు పొగ సౌనాకు తీసుకెళ్తున్నారు. నీకు పెళ్లికూతురి సౌనా చేస్తున్నారు. రెండు కిలోల కల్లుప్పు కొన్నారు. ఇప్పుడు పీకించుకుంటే అది పచ్చి పుండు. దాని మీద ఉప్పు రుద్దుతారు, పొగలో కూర్చోబెడతారు, సరస్సులో తోస్తారు. ఎల్లుండి చర్చిలో నడవలేవు. ఇప్పుడు నీకు తెలుసు. ఇంకా కావాలంటే పీయా చేస్తుంది."

పీయా చేతిలోని పుల్ల గిన్నెలో పెట్టేసింది.

ఊనా కృతజ్ఞతగా ఏమీ అనలేదు. అంటుందని నేను పిచ్చిదానిలా ఎదురు చూశాను. ఆమె మొహం మొదట ఖాళీగా అయింది, తర్వాత ఎర్రబడింది.

"ఎందుకు చెప్పావు?"

"చెప్పక తప్పలేదు."

"మా అమ్మకు చేశారు. మా అక్కకు చేశారు. అక్క రోజంతా ఏమీ తెలియక, కళ్లకు గంతలు విప్పాక ఏడ్చింది. నాకు చేస్తారో లేదోనని నేను ఎన్నాళ్లు... ఇప్పుడు నేను వెళ్లి తెలియనట్టు నటించాలా? రీత్తా మొహం చూసి ఏమనాలి?"

"నటించు. ఒక గంట నటిస్తే పోయేదేం లేదు."

"నిన్నెవరు అడిగారు?" అని అరిచింది ఊనా. "నిన్నెవరైనా అడిగారా?"

సంచి తీసుకుని మమ్మల్నందర్నీ తోసుకుంటూ వెళ్లిపోయింది. వ్యాక్సింగ్ చేయించుకోలేదు. ఆ సాయంత్రమే పార్లర్ పేజీలో ఒకే ఒక్క నక్షత్రం పెట్టి, ఒక ముసలిది తన పెళ్లి పాడు చేసిందని రాసింది.

తూలిక్కి ఏప్రాన్ విప్పి కొక్కేనికి తగిలించింది. మిర్కా ఏమీ అనకుండానే చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. ఆమె పేరు మీద ఇంకా ముగ్గురు మిగిలారు. మిర్కా ఆ ముగ్గుర్నీ పీయాకు ఇచ్చింది. పీయా ముగ్గురికీ ఇరవై నిమిషాల్లో చేసింది, ఏమీ అడగలేదు. వాళ్లలో ఒకమ్మాయి సోమవారం ఆరోగ్య కేంద్రానికి వెళ్లింది. నడుము కింద అంతా చీము పొక్కులు, జ్వరం. ఆమె తల్లి ఫోన్ చేసి అరిస్తే, మిర్కా ఎంతో మర్యాదగా మాట్లాడి, టిక్కు ఉన్న పేజీ ఆమెకు పంపించింది.

అదే సోమవారం తూలిక్కి సామాను తీసుకోవడానికి వచ్చింది. బల్ల మరలు తనే విప్పుతుంటే మిర్కా ఒక కాగితం తెచ్చింది. తూలిక్కి కోసమే వచ్చేవాళ్లు నలభై మంది దాకా ఉన్నారు, ఆమె పోతే వాళ్లూ పోతారని అప్పటికి మిర్కాకు ఎవరో చెప్పినట్టున్నారు.

"పాత సంగతులు వదిలేద్దాం," అంది. "పేజీలో ఉన్నదానికి మించి క్లయింట్లను ఏమీ అడగనని సంతకం పెట్టు. గది నీదే. జీతం కూడా చూద్దాం."

తూలిక్కి కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివింది. రెండు పేజీలు. పది నిమిషాలు పట్టింది. మిర్కా కాళ్లు మార్చుకుంటూ నిలబడింది.

"ఎవరు రాశారు ఇది?"

"మా లాయరు."

"ఆయనకు ఎప్పుడైనా నేను వ్యాక్సింగ్ చేశానా?"

"ఆయన మగాడు తూలిక్కీ."

"అయితే ఏం? తీసుకురా. ముందు ఫోన్ చేసి అడుగుతా, తర్వాత చేస్తా. అది అయ్యాక ఇలాంటి కాగితం మళ్లీ రాస్తాడేమో చూద్దాం."

పీయా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మిర్కా కాగితం మడిచి వెళ్లిపోయింది.

అప్పుడే తూలిక్కి ఫోన్ మోగింది. రీత్తా. ఆమె ఎంత గట్టిగా అరుస్తోందంటే తూలిక్కి ఫోన్ చెవికి దూరంగా పట్టుకుంది.

"ఎనిమిది మందిమి! ఫిబ్రవరి నుంచి! గంతలు విప్పగానే అది నటించింది. ఎంత ఘోరంగా నటించిందో తెలుసా? చిన్న పిల్లల నాటకంలో చెట్టు వేషం వేసినట్టు! నాకు వెంటనే తెలిసిపోయింది. దాని మొహమూ నా మొహమూ చూసుకోలేక..."

"కూర్చుందా?" అంది తూలిక్కి.

"ఏంటి?"

"పెళ్లి విందులో. కుర్చీలో కూర్చుందా, నిలబడే తిన్నదా?"

"కూర్చుంది. కూర్చోకేం? పొద్దుపోయేదాకా డాన్సు కూడా చేసింది. అది కాదు నేను చెప్పేది..."

"నాకు కావలసింది అదే," అని తూలిక్కి ఫోన్ పెట్టేసి మిగిలిన మర విప్పింది.

బల్ల బరువుగా ఉంది. పీయా ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకుని ఆమె వ్యాను దాకా మోశాం. మోసినంత మాత్రాన నాకు నా మీద కోపం తగ్గలేదు. ఆమె వ్యాను వెళ్లిపోయాక ఇద్దరం లోపలికి వచ్చాం. పీయా ఆమె గదిలోకి వెళ్లింది. నేను నా కుర్చీ దగ్గరికి వెళ్లాను. పీయాకు అద్దె కట్టాలి. నాకు ఇద్దరు పిల్లలు. ఇవి కారణాలే, కాదనను.

తూలిక్కికి గది దొరకడానికి అక్టోబరు పట్టింది. గాలాలు, చేప వలలు అమ్మే కొట్టు వెనకాల, ఒకప్పుడు పడవ మోటార్లు పెట్టుకున్న చోటు. కిటికీ లేదు. గోడలకు ఇంజను నూనె వాసన ఇంకా పోలేదు. ఆ నలభై మందిలో ఇరవై అయిదుగురు దాకా అక్కడికి వస్తున్నారు. మిగతావాళ్లకు ఇరవై నిమిషాలే బాగుందట. ఒకావిడ నాతో అన్నది కూడా, "ఆ ముసలామెకు మన ఇంటి గుట్టంతా కావాలి, ఇక్కడైతే హాయి" అని. నేను ఆమె జుట్టు ఒక పక్క వేలెడు ఎక్కువ కత్తిరించాను. పొరపాటున కాదు.

నవంబరులో ఒక రోజు గోడ అవతల ఎంతసేపటికీ కొళాయి కట్టలేదు. పీయా గదిలో నీళ్లు పోతూనే ఉన్నాయి. చెవి పెడితే ఆ నీళ్ల చప్పుడు కింద ఆమె గొంతు. క్లయింటుకు దగ్గరగా వంగి గుసగుసగా అడుగుతోంది. మాత్రలు ఏమైనా... సౌనా ఎప్పుడు... మిర్కా అప్పుడు నడవాలోనే ఉంది. నా కుర్చీలో ఉన్న ఆవిడ జుట్టు అప్పటికే ఆరిపోయింది. అయినా నేను డ్రయ్యర్ పూర్తి వేగం మీద పెట్టి, ఆవిడ చెవులు వేడెక్కి వద్దనేదాకా ఆరబెట్టాను. అప్పటి నుంచి రోజూ ఇదే. అటు కొళాయి, ఇటు డ్రయ్యర్.

ఆ శనివారం నేను చేపల కొట్టు వెనకాలకు వెళ్లాను. తూలిక్కి మైనం కలుపుతూ ఉంది. ఆమెకు సంతోషం కలుగుతుందని, పీయా కొళాయి సంగతీ, నా డ్రయ్యర్ సంగతీ నవ్వుతూ చెప్పాను.

ఆమె కలపడం ఆపింది. గొంతు దిగింది.

"గుసగుసలా? ఏం తప్పు చేస్తోందని గుసగుసలు? కొళాయి కట్టేసి గట్టిగా అడగమని చెప్పు దానికి. నువ్వూ ఆ డ్రయ్యర్ ఆపు, కైసా. మిర్కాకు వినపడాలి."